భాస్వరపు కొలత - సుబ్బారావు పేరు

1925వ సంవత్సరంలో అమెరికాలోని ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో 26 పుటల వ్యాసమొకటి వెలువడినది. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి అందులోని విషయం. రచయితలు ఇద్దరు: హార్వర్డు వైద్యకళాశాలలో పనిచేస్తున్న సైరస్ ఫిస్కే, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తరువాతి శాస్త్రజ్ఞులు తమ వ్యాసాలలో అత్యధికంగా పేర్కొన్న రచనలలో ఇది ఒకటిగా నిలిచినది.

ఆ పద్ధతి చూడటానికి చాలా సులభం. ఫాస్ఫేటు ఉన్న ద్రవానికి ఆమ్లమూ, మాలిబ్డేటు లవణమూ కలిపి, ఆపైన ఒక క్షయకరణిని చేర్చితే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ముందే పరిమాణం తెలిసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. రంగుతో భాస్వరాన్ని కొలిచే పద్ధతులు అంతకు పూర్వమూ లేకపోలేదు. కాని ఫిస్కే, సుబ్బారావులు ఎన్నుకొన్న క్షయకరణి వలన రంగు కొద్ది నిమిషాలలోనే వచ్చి, చాలసేపు నిలిచేది. కొద్దిపాటి రక్తం చాలు. అందుచేత ఆసుపత్రి ప్రయోగశాల మొదలు వ్యవసాయ పరిశోధనశాల వరకు అందరికీ ఇది పనిముట్టయినది.

పనిముట్టు తయారు చేసినవారికే అది మొదటి కానుక నిచ్చినది. కండరం నుండి తీసిన రసాన్ని పరీక్షించినప్పుడు నీలిరంగు ఎప్పటివలె వెంటనే రాలేదు. నెమ్మదిగా, క్రమక్రమంగా చిక్కబడినది. మరొకరైతే పరీక్షలో ఏదో లోపమని ఆ ద్రవాన్ని పారబోసి ఉండేవారు. వీరు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫేటు క్రియాటిన్ అనే పదార్థంతో పెనవేసుకొని ఉన్నది. ఆ బంధం ఆమ్లంలో విడిపోతూ ఉన్నకొద్దీ ఫాస్ఫేటు బయటపడి రంగు పెరుగుతున్నది. కండరం పనిచేసినపుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోవడమూ, విశ్రాంతిలో తిరిగి ఏర్పడటమూ వారు చూశారు. 1927లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ ఈ పదార్థాన్ని వేరుగా గుర్తించారు. లాక్టికామ్లమే కండర చలనానికి మూలమని అంతవరకు సాగిన వాదానికి దీనితో బీట పడినది. 1929లో కండరంలోని ఏ.టి.పి. గురించి వీరు మరొక వ్యాసం ప్రకటించారు. జర్మనీలో లోమన్ కూడ ఆ ఏడే దానిని వెల్లడించాడు.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. జీవకణంలో శక్తిని మోసే ఏ.టి.పి.ని కనుగొనడం, భాస్వరాన్ని కొలవడం కంటె ఎంతో పెద్ద సంగతి కదా! కాని ఏ.టి.పి. పాఠ్యపుస్తకాలలోకి ఎక్కినందున, దానిని ప్రస్తావించేవారెవ్వరూ మూలవ్యాసాన్ని తలచుకోరు. కొలత పద్ధతిని వాడినవారు మాత్రం వాడిన ప్రతిసారీ దాని పేరు వ్రాయవలసినదే. 1951లో లౌరీ మొదలగువారు ప్రకటించిన మాంసకృత్తుల కొలత పద్ధతికి ఇదే కారణంచేత లక్షలకొద్దీ ప్రస్తావనలు వచ్చినవి.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలికామ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతి 1945లో ప్రకటింపబడినది. ఆ ఆమ్లాన్నే పోలి, దాని పనికి అడ్డుతగిలే అమినోప్టెరిన్‌తో రక్తకాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగినదని 1948లో ఫార్బర్ వెల్లడించాడు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేటు దానికి తోబుట్టువు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ 1947లో వచ్చినది. గోదావరి జిల్లాలవారికి ఆ వ్యాధిని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు కన్నుమూశారు.

ఏ వ్యాసాన్ని ఎవరు పేర్కొన్నారో తెలిపే సూచిని ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ప్రారంభించాడు. ఆ అచ్చు సంపుటాలలో ప్రస్తావనలన్నీ మొదటి రచయిత పేరు క్రిందనే జమ అయ్యేవి. కాబట్టి భాస్వరపు కొలత ఫిస్కే ఖాతాలోను, ఫోలికామ్లం ఆంజియర్ ఖాతాలోను, హెట్రజాన్ హ్యూయిట్ ఖాతాలోను, అమినోప్టెరిన్ ఫార్బర్ ఖాతాలోను పడినవి. పంట ఒకరిది, పట్టా మరొకరిది అన్నట్లు తయారయినది. ఇందులో ఎవరి కుట్రా లేదు. అది లెక్క వ్రాసే పద్ధతిలోని వంకర. ఒక్కొక్క వ్యాసంలో పలువురి శ్రమ ఉన్నమాట నిజమే. కాని వారందరినీ ఒక దారిలో నడిపినవాని పేరు అంకెలలో కనబడకపోవడం సామాన్యమైన లోపం కాదు.

నేడు హైదరాబాదు హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చున్నవారు ఎవరైనా అందరి రచయితల పేర్లనూ క్షణంలో వెదకవచ్చును. అయినా తెలుగువాని పేరుతో చిక్కు తీరలేదు. మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు వెనుక. యల్లాప్రగడ వై అనే పొడి అక్షరంగా మిగలగా, సుబ్బారావు ఇంటిపేరయి కూర్చున్నది. అదైనా ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి, ఒకచోట చివరి అక్షరాలు మార్చి అచ్చయినది. ఇవన్నీ ఒక మనిషివేనని యంత్రానికి ఎవరో చెప్పాలి.

1953లో లెడర్లీ శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్, మురుగునీటిని శుభ్రపరిచే వడపోత గుట్టలలో దొరికిన ఒక కొత్త శిలీంధ్రానికి ‘సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్’ అని నామకరణం చేశాడు.