పాము పిల్లల ఆహార, జీర్ణ సమస్యలు

పాము పిల్లలు, ముఖ్యంగా మానవుల పెంపకంలో ఉన్నవి, పుట్టిన తొలి ఏడాదిలో ఆహారాన్ని తిరస్కరించడం, మింగినదానిని కక్కివేయడం, మలవిసర్జన నిలిచిపోవడం వంటి ఇబ్బందులకు తరచుగా గురి అవుతాయి. వీటిలో అధిక భాగానికి మూలం పెంపకంలోని లోపాలే. చాలినంత వెచ్చదనం లేకపోవడం, పరిమాణానికి మించిన ఆహారం ఇవ్వడం, పదే పదే చేతితో పట్టుకోవడం, నీటి కొరత వీటిలో ముఖ్యమైనవి. తెలుగు నాట వీటికి పాలు పట్టడం అనే మరొక కారణం కూడా తోడవుతుంది.

నేపథ్యం

బొంరాస్‌పేట వికారాబాదు జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేది. తాండూరు, కొడంగల్ ప్రాంతాల వలెనే ఇక్కడ కూడా కంది ముఖ్యమైన పంట. గింజలు నిలవ ఉన్న చోటికి ఎలుకలు, ఎలుకల కొరకు పాములు రావడం సహజం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక పాము తెలంగాణ పల్లెలలో సాధారణంగా కనిపించే జాతులు.

నాగుపాము, జెర్రిపోతు వేసవి ప్రాంతంలో గుడ్లు పెడతాయి. నాగుపాము గుడ్ల నుండి సుమారు రెండు నెలలలో పిల్లలు వెలువడతాయి. రక్తపింజరి గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కంటుంది. ఈ కారణాల వలన వానాకాలంలో పొలం గట్లపై, రాళ్ళ కుప్పలలో, ఇళ్ళ చుట్టుపక్కల పాము పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి. అటువంటి పిల్లను సీసాలోనో డబ్బాలోనో ఉంచి, మూతకు రంధ్రాలు చేసి, పాలు పోసి పెంచబోవడం బడి పిల్లలు కుతూహలం కొద్దీ చేసే పని. ఇది పాము ప్రాణానికే కాక పట్టుకున్న వారి ప్రాణానికీ ప్రమాదకరం, చట్టరీత్యా నేరం కూడా.

మరొక వైపు, హైదరాబాదు వంటి నగరాలలో బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి విదేశీ జాతులను ఇళ్ళలో పెంచే అలవాటు కొంతకాలంగా ఉన్నది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ. కార్న్ స్నేక్ ఉత్తర అమెరికాకు చెందినది. ఈ వ్యాసంలోని పెంపక వివరాలు ఇటువంటి విదేశీ జాతులకు వర్తిస్తాయి. మన దేశపు పాములను ఇంట్లో పెంచరాదు.

సహజ ఆహారం

పాములన్నీ మాంసాహారులు. ఆకులు, పండ్లు, ధాన్యం తినే పాము లేదు. ఆహారాన్ని నమలక మొత్తంగా మింగుతాయి. ఏ జాతి ఏమి తింటుంది అనేది చాలావరకు నిర్దిష్టంగా ఉంటుంది. జెర్రిపోతు పిల్లలు కప్పలను ఎక్కువగా తిని, పెద్దవైన పిదప ఎలుకలను పడతాయి. నీరుకట్టె చేపలను, కప్పలను తింటుంది. పసిరిక పాము బల్లులను, తొండలను, కప్పలను పట్టుకుంటుంది. కట్లపాము ఇతర పాములను సైతం మింగుతుంది.

దీనిని బట్టి, బంధించిన పిల్ల ముందు వేసిన ఆహారాన్ని ముట్టకపోవడానికి ఒక సామాన్య కారణం తెలుస్తుంది. అది ఆ జాతి ఆహారం కాకపోవచ్చు. ఎలుక పిల్లను ఎదుట పెట్టినా కప్పలు తినే పాము పిల్ల దానిని ఆహారంగా గుర్తించకపోవచ్చు. పాము ప్రధానంగా నాలుకతో వాసనను గ్రహించి ఆహారాన్ని గుర్తిస్తుంది.

జీర్ణక్రియ

పాము శరీరం తన వేడిని తానే పుట్టించుకొనలేదు. పరిసరాల నుండి పొందిన వేడితోనే దాని జీర్ణక్రియ సాగుతుంది. పాము పిల్లల జీర్ణ సమస్యలన్నింటినీ అర్థం చేసుకొనడానికి ఈ ఒక్క అంశం ప్రధానమైనది.

ఆకలితో ఉన్న కొండచిలువ కడుపులో ఆమ్లం స్వల్పంగా ఉంటుంది. ఎరను మింగిన తరువాత ఒక రోజు లోపే అది తీవ్ర ఆమ్లంగా మారుతుంది. స్టీఫెన్ సీకర్, జేర్డ్ డైమండ్ అనే శాస్త్రవేత్తలు బర్మా కొండచిలువలపై 1990లలో చేసిన పరిశోధనలలో, చాలా పెద్ద ఎరను మింగినప్పుడు దాని జీవక్రియ వేగం 40 రెట్లకు పైగా పెరిగినట్లు, చిన్నపేగు బరువు సుమారు రెట్టింపు అయినట్లు తేలింది. తగిన వెచ్చదనంలో ఎముకలు కూడా కొన్ని రోజులలో కరిగిపోతాయి. వెంట్రుకలు, గోళ్ళు మాత్రం కరగక మలంతో బయటికి వస్తాయి.

ఇంతటి పనికి వేడి చాలకపోతే కడుపులోని ఎర జీర్ణం కాక కుళ్ళడం మొదలవుతుంది. వికారాబాదు ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గుతుంది. అడవిలోని పాము ఆ రోజులలో బొరియలో దాగి, పగటి ఎండలో శరీరాన్ని వెచ్చబరచుకుంటుంది, ఆహారాన్ని తగ్గిస్తుంది. గదిలోని డబ్బాలో ఉన్న పాముకు ఆ అవకాశం లేదు. వేసవిలో దీనికి విరుద్ధమైన ప్రమాదం కలదు. ఎండలో ఉంచిన గాజు సీసాలో వేడి కొద్దిసేపటిలోనే హద్దు మీరి పాము మరణిస్తుంది.

ఆహారాన్ని తిరస్కరించడం

పిల్ల తినడం లేదని వెంటనే వ్యాధిగా భావించరాదు. దిగువ పరిస్థితులలో ఆహారం మానడం సహజమే.

* గుడ్డు నుండి వెలువడిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. చాలా జాతుల పిల్లలు ఒకటి రెండు వారాలలో తొలి కుబుసం విడిచిన తరువాతనే తినడం ప్రారంభిస్తాయి.
* కుబుసం విడిచే ముందు కళ్ళు నీలి తెలుపు రంగుకు మారి చూపు మందగిస్తుంది. ఆ రోజులలో పాము ఎరను ముట్టకపోవచ్చు.
* కొత్త చోటికి తెచ్చిన పిల్ల బెదిరి ఉంటుంది. దానిని ఒక వారం పాటు ముట్టుకొనక వదలివేయాలి.
* బాల్ పైథాన్ చలికాలంలో వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి తినకపోవడం కలదు. ఇది ఎదిగిన వాటిలో ఎక్కువ.

వీటిని దాటి చూడవలసినది పెట్టె అమరిక. అందులో ఒక వైపు వెచ్చగా సుమారు 30 నుండి 32 డిగ్రీలు, మరొక వైపు చల్లగా సుమారు 25 డిగ్రీలు ఉంటే పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. దాగుకొనడానికి ఇరుకైన చీకటి చోటు, ఎల్లప్పుడు శుభ్రమైన నీరు ఉండాలి. దాగుడు చోటు లేని పిల్ల నిరంతరం భయంలో ఉండి తినదు.

నోటి అంచున చీము, ఎర్రదనం, నోరు తెరచి శ్వాసించడం, పొలుసుల మధ్య మైట్లు అనే సన్నని పురుగులు, వెన్నెముక గీటులా బయటికి కనిపించేంత చిక్కిపోవడం వ్యాధి లక్షణాలు. ఇటువంటప్పుడు పశువైద్యుని సంప్రదించాలి.

కక్కివేయడం

పిల్లలలో అత్యంత ప్రమాదకరమైన సమస్య ఇదే. కక్కినప్పుడు నీరు, లవణాలు, జీర్ణరసాలు నష్టమై, ఆమ్లం వలన గొంతు లోపలి పొర దెబ్బతింటుంది. వెంట వెంటనే రెండు మూడు సార్లు కక్కిన పిల్ల తిరిగి కోలుకొనడం కష్టం.

సాధారణ కారణాలు ఇవి: చలి, మరీ పెద్ద ఎర, తిన్న తరువాత రెండు రోజుల లోపు చేతితో పట్టుకోవడం, నీటి కొరత, చెడిపోయిన ఎర. ఎర మందం పాము శరీరంలోని అత్యంత మందమైన భాగానికి మించకుండా చూడాలి. పిల్లలకు సుమారు 5 నుండి 7 రోజులకు ఒకసారి ఆహారం చాలు. మంచులో నిలవ ఉంచిన ఎరను లోపలి వరకు పూర్తిగా కరగనిచ్చి, వెచ్చబరచి ఇవ్వాలి. లోపల గడ్డకట్టి ఉన్న ఎర కడుపును చల్లబరుస్తుంది.

పిల్ల ఒకసారి కక్కితే ఎక్కువ మంది పెంపకందారులు చేసే పొరపాటు, ఆకలితో ఉన్నదని జాలిపడి మరునాడే తిరిగి తినిపించడం. అలా చేయరాదు. నీరు మాత్రం అందుబాటులో ఉంచి, 10 నుండి 14 రోజులు కడుపుకు విశ్రాంతి ఇవ్వాలి. తరువాత మామూలు ఎరలో సగం పరిమాణం గలదానిని ఇచ్చి, అది నిలిస్తే క్రమంగా పెంచాలి.

అమరిక సరిగా ఉన్నా కక్కడం ఆగకపోతే వ్యాధిని అనుమానించాలి. క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్ అనే పరాన్నజీవి వలన కడుపు గోడ మందమై శరీరం మధ్య భాగం ఉబ్బినట్లు కనిపిస్తుంది. ఎంటమీబా ఇన్వాడెన్స్ పేగులలో పుండ్లను కలిగిస్తుంది. కొండచిలువల జాతులలో ఒక వైరస్ వ్యాధి వలన కూడా కక్కడం, తల తిప్పడం వంటి లక్షణాలు కలుగుతాయి. వీటిని మల పరీక్ష, రక్త పరీక్ష ద్వారా మాత్రమే నిర్ధారించవచ్చు. రోగం ఉన్న పామును ఇతర పాముల నుండి వేరు చేయాలి.

మలబద్ధకం

పాము మలంలో గోధుమ రంగు భాగంతో పాటు సున్నం వంటి తెల్లని భాగం ఉంటుంది. ఈ తెల్లని పదార్థం యూరిక్ ఆమ్లం, అనగా మూత్రం. అనేక భోజనాల తరువాత కూడా మలం రాకపోవడం, తోక పైభాగం ఉబ్బి గట్టిపడడం మలబద్ధకానికి గుర్తులు. నీరు చాలకపోవడం, చలి, ఇసుక లేక రంపపు పొట్టును ఎరతో పాటు మింగడం దీనికి కారణాలు. శరీరం మునగని లోతు గల గోరువెచ్చని నీటిలో 15 నుండి 20 నిమిషాలు కాపలా ఉండి ఉంచితే కొన్నిసార్లు మేలు కలుగుతుంది. పొట్టను నొక్కరాదు.

పాలు, గుడ్లు

తెలంగాణలో శ్రావణ శుద్ధ పంచమి నాడు నాగుల పంచమిని, కోస్తా ప్రాంతంలో కార్తీక శుద్ధ చవితి నాడు నాగుల చవితిని జరుపుకుంటారు. పుట్టలో పాలు పోయడం ఈ పండుగలలోని ఆచారం. అయితే పాము పాలను ఆహారంగా తీసుకొనదు. తల్లిపాలు తాగి పెరిగే జీవి కాని కారణంగా దాని జీర్ణవ్యవస్థ పాలకు అనువైనది కాదు. పాములను ఆడించేవారి వద్ద పాము పాలు తాగడం కనిపించడానికి కారణం వేరు. పండుగకు ముందు రోజుల తరబడి నీరు ఇవ్వక ఉంచిన పాము దాహంతో ఎదుట ఉన్న ద్రవాన్ని ఏదైనా తాగుతుంది. ఆ పాలు కడుపులో ఇబ్బందిని కలిగిస్తాయి. బలవంతంగా పోసినప్పుడు శ్వాసనాళంలోకి పోయి ఊపిరితిత్తుల వాపుకు దారితీస్తాయి. కోరలు పీకిన, నోరు కుట్టిన పాములు పుండ్లతో ఎరను పట్టలేక ఆకలితో మరణిస్తాయి.

పక్షి గుడ్లను నాగుపాము అప్పుడప్పుడు మింగుతుంది. ప్రధానంగా గుడ్లనే తినే ఒక పాము జాతి కూడా భారతదేశంలో కలదు. అయినప్పటికీ చిన్న పాము పిల్ల నోటికి కోడిగుడ్డు పట్టదు. అన్నం, రొట్టె, కోడిమాంసం ముక్కలు కూడా తగిన ఆహారం కావు.

బలవంతంగా తినిపించడం

నోరు తెరచి ఎరను లోనికి తోయడం చివరి ఉపాయం. దీని వలన దవడ, గొంతు గాయపడతాయి. అనుభవం గల పశువైద్యుడు మాత్రమే దీనిని చేయాలి. గ్రామీణ పశువైద్యశాలలు ప్రధానంగా గేదెలు, గొర్రెలు, మేకలకు ఉద్దేశించినవి కావున, సరీసృపాలపై అనుభవం ఉన్నవారిని ముందుగా విచారించి పెట్టుకొనడం మంచిది.

చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి పాములను పట్టుకొనడం, బంధించడం, ఆడించడం నేరం. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలలోని విదేశీ జాతులను కూడా చట్టపు పరిధిలోనికి తెచ్చినది. బాల్ పైథాన్ అందులో చేరుతుంది. ఇటువంటి జంతువులను కలిగి ఉన్నవారు వాటిని నమోదు చేయించుకొనవలెనని 2024 ఫిబ్రవరిలో నియమాలు వెలువడ్డాయి.

పాము పిల్ల కనిపించినప్పుడు

పొలంలో లేక ఇంటి వద్ద పాము పిల్ల కనిపిస్తే దానికి ఆహారం పెట్టవలసిన అవసరం లేదు. పాములు పుట్టిన నాటి నుండి తమ ఆహారాన్ని తామే సంపాదించుకుంటాయి. తల్లి పోషణ ఉండదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి పిల్లలకు పుట్టినప్పటి నుండే విషం ఉంటుంది. రక్తపింజరి పిల్లను కొండచిలువ పిల్లగా, కట్లపాము పిల్లను చారలు గల విషరహిత పాముగా పొరబడడం సులభం. ఈ పొరపాటు ప్రాణాలను తీయగలదు. కావున చేతితో పట్టక, దూరంగా నిలిచి, అది వెళ్ళిపోవడానికి దారి ఇవ్వాలి. ఇంటిలోనికి ప్రవేశిస్తే అటవీ శాఖకు తెలియజేయాలి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పాములను కాపాడి తిరిగి అడవిలో విడిచే స్వచ్ఛంద సంస్థ. కాటు పడితే మంత్రాలతో కాలం వృథా చేయక, విషానికి విరుగుడు మందు లభించే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

పెంపుడు పామును ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనాలి. సరీసృపాల మలంలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చును. ఐదేళ్ళ లోపు పిల్లలను వాటికి దూరంగా ఉంచాలి.