ఖాలా పుట్టకముందే పోయిన అబ్బా: బల్దియా కాగితం కథ

కొన్నేళ్ల కింద మా మొహల్లాలో ఉండే ఒక ఖాలా పాత నకల్ ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చింది. వాళ్ల అబ్బా మరణానికి బల్దియా ఇచ్చిన కాగితం. ఇంటి మ్యుటేషన్ కోసం దఫ్తర్‌లో ఇస్తే గుమాస్తా వాపస్ ఇచ్చేశాడట. కాగితంలో ఉన్నది 1351. ఎవరో దాన్ని హిజ్రీ అనుకుని లెక్కగట్టి 1932 అని పెన్సిల్‌తో రాశారు. ఖాలా ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1937. "అబ్బా గుజర్‌గయే బోల్‌కే పాంచ్ సాల్ బాద్ మై పైదా హుయీ కతే!" అని ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ, కళ్లల్లో నవ్వు లేదు. తండ్రి చనిపోయిన ఐదేళ్లకు పుట్టిందంటే ఒక ఆడమనిషి వినే మాట ఏంటో వేరే చెప్పాలా?

కాగితం నేను చదివాను. సంవత్సరం పక్కన నెల పేరు "తీర్" అని ఉంది. హిజ్రీ నెలల్లో తీర్ లేదు. అది ఫస్లీ. నిజాం రియాసత్‌లో సర్కారీ కాగితాలు నడిచింది ఆ లెక్కలోనే. ఫస్లీకి 591 కలిపితే ఈస్వీ సన్ వస్తుంది. ఏడాది ఆజూర్‌తో, అంటే అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి మొదటి మూడు నెలలకు మాత్రం 590 కలపాలి. 1351 తీర్ అంటే 1942 మే. అబ్బా పోయేనాటికి ఖాలాకు ఐదేళ్లు.

ఈ ఒక్క కాగితం వెనక హైదరాబాద్ బల్దియా తవారీఖ్ చాలానే ఉంది.

ముందు మాట సంగతి. అరబీలో "బలద్" అంటే పట్నం. దాన్నుంచి బల్దియా. ఇవాళ తెలుగు అఖ్బార్లు "బల్దియా ఎన్నికలు" అని హెడ్డింగ్ పెడితే అది పరాయి మాట అని ఎవరికీ తోచదు. వసూలు, బకాయి, మంజూరు, రద్దు, దరఖాస్తు కూడా అంతే. దఫ్తర్ బయట ఉర్దూ బతికే ఉంది. దఫ్తర్ లోపలి రిజిస్టర్లలోనే అది మూగబోయింది.

మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు, 1869లో, పట్నానికి మున్సిపల్ ఇంతెజాం మొదలైంది. మూసీకి ఇవతలి పాత షహర్‌ను 4 భాగాలు, అవతల చాదర్‌ఘాట్ వైపును 5 భాగాలు చేశారు. 1886లో చాదర్‌ఘాట్ వేరే మున్సిపాలిటీ అయింది. నది అవతల రెసిడెన్సీ, అంగ్రేజీ దొరల బంగళాలు. ఇవతల దేవిడీలు, గల్లీలు. ఒకే పట్నం, రెండు బల్దియాలు.

1908 సెప్టెంబర్ 28న మూసీ ఈ తేడాలేవీ చూడలేదు. సరిగ్గా రంజాన్ మొదలైన రోజులు. వేల మంది కొట్టుకుపోయారు. షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకున్నది ఆ వరదలోనే. ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని పట్నం ఇంకా చెప్పుకుంటుంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వేసిందీ, పత్తర్‌గట్టి కమాన్లు లేపిందీ ఆ బోర్డే. షహజాదా మొజ్జం జా దానికి సదర్‌గా ఉన్నాడు. 1935 నాటి మార్కెట్‌కు ఆయన పేరే ఉంది.

నిజాం జమానాను తల్చుకుని కన్నీళ్లు పెట్టుకునే మా వాళ్లు ఈ కట్టడాలన్నీ చూపిస్తారు. కట్టింది నిజమే. కానీ పెద్ద పనులన్నీ హుకూమత్ నియమించిన బోర్డు చేతుల్లో ఉన్నాయి, అవామ్‌ను అడిగింది తక్కువ. ఆ ఆదత్ ఇప్పటికీ పోలేదు. నల్లా నీళ్లు ఒక బోర్డు, లేఅవుట్లు ఇంకో సంస్థ. మనం ఓటేసిన కార్పొరేటర్ మిగిలినవాటి గురించి ఫోన్లు చేస్తుంటాడు.

1933లో చాదర్‌ఘాట్‌ను హైదరాబాద్‌లో కలిపి కార్పొరేషన్ చేశారు. కానూన్ వచ్చింది. 1934లో మొదటి ఎన్నికలు జరిగాయి. ప్రతి బాలిగ్‌కూ ఓటు ఉన్న రోజులు కావవి. ఆ కాస్త హక్కు కూడా ఎనిమిదేళ్లే నిలిచింది. ఇంతెజాం బాగా లేదని 1942లో కార్పొరేషన్ హోదా తీసేశారు. ఖాలా అబ్బా పోయిందీ ఆ ఏడాదే.

జబాన్ విషయంలో మేం దాచుకోకూడని మాట ఒకటుంది. 1880లలో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయినప్పుడు, రియాసత్‌లో అత్యధికులు మాట్లాడే తెలుగుకు దఫ్తర్‌లో చోటు దొరకలేదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ కథ మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. తెలుగు డిగ్రీలో చేరాకే తెలిసింది.

ఆ సంఘాన్ని నడిపించిన మాడపాటి హనుమంతరావు గారు 1951లో హైదరాబాద్ మొదటి మేయర్ అయ్యారు. వకీలు. ఉర్దూ బాగా వచ్చినవారు, ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చినవారు. తెలుగు కోసం కొట్లాడిన మనిషికి ఉర్దూ రిజిస్టర్ చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. 1960లో సికింద్రాబాద్ కూడా వచ్చి కలిసింది. ఆ తర్వాత ఉర్దూ చదవగలిగే ముహర్రిర్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. రిజిస్టర్లు మాత్రం రిటైర్ కాలేదు. ఎవరిదో పుట్టుక, ఎవరిదో మౌత్, ఎవరిదో ఇల్లు వాటిలోనే ఉన్నాయి.

నేను ఖాలాతో దఫ్తర్‌కు వెళ్లాను. గుమాస్తా చెడ్డవాడేం కాదు. చదవలేని కాగితం మీద ఎలా సంతకం పెట్టమంటారని అడిగాడు. ఆ ప్రశ్న ఒకప్పుడు తెలుగు రైతు కూడా ఉర్దూ సమన్ పట్టుకుని అడిగే ఉంటాడు. లెక్క వివరించాను. "ఇట్లాంటివి ఇంకా వస్తుంటయి సార్, ఆ నెలలు రాసిస్తరా?" అన్నాడు. ఆజూర్ నుంచి ఆబాన్ దాకా పన్నెండూ తెలుగులో రాసి, పక్కన అంగ్రేజీ నెలలు పెట్టి ఇచ్చాను.

మ్యుటేషన్‌కు ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్య వేరే పని మీద వెళ్తే ఆ చీటీ అతని టేబుల్ అద్దం కింద ఉంది. ఇస్ఫందార్‌కు నేను వత్తు తప్పు రాశాను, ఎవరో ఎర్ర పెన్నుతో దిద్దారు.