ఊరుఁగాయ: శబ్దసాక్ష్యము

ఆంధ్రుల భోజనమునందు ఊరుఁగాయకుఁ గల ప్రాముఖ్యమును వేఱుగఁ జెప్పఁ బనిలేదు. కాని దాని చరిత్రమును గూర్చి రెండు విపరీతవాదములు వినవచ్చుచున్నవి. ఆవకాయ అనాదిసిద్ధమని కొందఱందురు. మిరపకాయ పోర్చుగీసువారితో వచ్చినది గావున ఆవకాయయు వారి తరువాతిదే యని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును విమర్శకు నిలుచునవి కావు. కాయను ఏఁడాదిపాటు చెడకుండ నిలుపునది యేది యను ప్రశ్నను ముందుంచుకొని, శబ్దమును, కావ్యమును, నేఁటి రసాయనశాస్త్రమును గలిపి పరిశీలించినచో సత్యము తేటపడును.

మొదట శబ్దమును విచారింతము. నేఁడు 'ఊరగాయ' యని వాడుకలో నున్న పదమునకుఁ గావ్యరూపము 'ఊరుఁగాయ'. తద్ధర్మార్థక విశేషణమగు 'ఊరు' శబ్దమునకు 'కాయ' పరమై సరళాదేశము కలిగినది. 'ఊరు' ధాతువునకు రెండర్థములు ప్రసిద్ధములు. చెలమలో నీరూరుచున్నది, నోరూరుచున్నది అనునపుడు లోపలి ద్రవము వెలికి వచ్చుట యర్థము. బియ్యము నీటిలో నూరుచున్నవి అనునపుడు ద్రవమునందు నాని యుండుట యర్థము. కాయకు ఈ రెండవస్థలును క్రమముగాఁ గలుగును. ఉప్పు తగులఁగానే కాయలోని రసము వెలికూరును. పిదప నా రసమునందే కాయ యూరును. ద్రవాభిసరణమని నేఁటి శాస్త్రగ్రంథములు వర్ణించుదానిని మన గృహిణులు కన్నులారఁ జూచి యొక్క ధాతువున నిమిడ్చిరి. ఉప్పు కాయలోని నీటిని లాగినట్లే సూక్ష్మజీవుల దేహములోని నీటినిఁగూడ లాగును. అందుచేత నవి వృద్ధిఁ బొందఁజాలవు.

ఇఁకఁ గావ్యసాక్ష్యము. 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుఁడు వైష్ణవులకు ఋతువుల ననుసరించి యిడు విందులను వర్ణించినాఁడు. వానకాలమున వడియములును వరుగులును, వేసవిని వడపిందెలును, చలికాలమున మిరియపుఁబొడి కలిసిన కూరలును, ముక్కున కెక్కు ఆవపచ్చళ్ళును, ఊరుఁగాయలును అందుఁ గలవు. మిరపకాయ ప్రస్తావన మాత్రము లేదు. ఆ మొక్క అమెరికాఖండమునకుఁ జెందినది. 1498లో వాస్కోడగామా కోళిక్కోడు చేరిన పిమ్మటనే అది పోర్చుగీసు ఓడలలో మన తీరములకు వచ్చినది. మనవారు దానికిడిన పేరును మిరియమును బట్టియే పుట్టినట్లు తోఁచుచున్నది. కావున మిరపతోఁ గూడిన నేఁటి యెఱ్ఱని యావకాయ పోర్చుగీసుల రాకకుఁ దరువాతిదే. కాని కాయను ఊరవేయుటయు, ఆవను నూఱి చేర్చుటయు నంతకుమున్నే మనవారెఱిఁగిన విద్యలు. మిరప యా పంక్తికి వెనుక వచ్చిన యతిథి.

ఆవకాయ యను పేరే యిందుకు మఱియొక సాక్షి. ఆవతోఁ గూర్పఁబడిన కాయ యని విగ్రహము. కంటికి మొదటఁ గనఁబడునది కారపు టెఱుపే యైనను, సమాసమునఁ బూర్వపదస్థానము ఆవకే దక్కినది. ఇచ్చటఁ బాణిని చేసిన యొక విభాగము స్మరణీయము. అష్టాధ్యాయి చతుర్థాధ్యాయ చతుర్థపాదమున సంస్కృతార్థమును (4.4.3), సంసృష్టార్థమును (4.4.22) ఆయన వేఱువేఱుగఁ జెప్పినాఁడు. పెరుఁగుచే సంస్కరింపఁబడినది దాధికము, మిరియముచే సంస్కరింపఁబడినది మారిచికము. ఉన్న వస్తువునకు గుణాధిక్యమును గల్పించుట సంస్కారము. ఊరక కలిసియుండుట సంసర్గము. ఊరుఁగాయలోని ద్రవ్యములలో సంస్కారకము లేవి, సంసృష్టమాత్రము లేవి యని విడఁదీయుట యీ వ్యాసమున ముఖ్యవిషయము.

అనకాపల్లికిని తునికిని నడుమనున్న ఎలమంచిలి ప్రాంతమున వేసవిలో ఆవకాయ పెట్టు విధమును గమనింపుఁడు. పుల్లని మామిడికాయలను గడిగి, తడి లేశమైనను లేకుండఁ దుడిచి, టెంకతోఁ గూడ ముక్కలు కొట్టుదురు. ఆవలను ఎండలో నెండించి దంతురే కాని వేయింపరు. ఉప్పు, కారము, ఆవపిండి, నువ్వులనూనె కలిపి జాడీలోఁ బెట్టి, వాసెన కట్టి, మూఁడవనాఁడు తిరుగఁ గలుపుదురు. వీనిలో నొక్కటియు నిరర్థకమైన యాచారము కాదు.

ఆవగింజలో ఘాటు సిద్ధముగా నుండదు. సినిగ్రిను అను ద్రవ్యమును, మైరోసినేసు అను ఎంజైమును గింజలో వేఱువేఱు కణములయందుండును. గింజ నలిగి తేమ తగిలినపుడే యవి కలిసి ఘాటైన తైలమును బుట్టించును. ఆ తైలము బూజును, సూక్ష్మజీవులను అణఁచును. గింజను వేయించినచో ఎంజైము నశించును, ఘాటు పుట్టదు. ఎండఁబెట్టుటయే కాని వేయింపకుండుటలోని రహస్య మిది. మామిడి పులుపు రెండవ రక్ష. ఆమ్లతామానము 4.6కు లోఁబడియున్నచోటఁ బ్రాణాంతకమగు బొట్యులిజమును గలిగించు సూక్ష్మజీవి పెరుఁగఁజాలదు. నూనె గాలిని రానీయదు గావున గాలి కావలసిన బూజు నిలువదు. కాని ఆ బొట్యులిజపు జీవికి గాలి లేని చోటే యనుకూలము. పులుపు లేకుండఁ బచ్చివెల్లుల్లిని వట్టి నూనెలో నిలువచేయుట ప్రమాదమగుట యిందువలననే. నూనె కాపలాదారు వంటిది. లోపల ఉప్పును పులుపును లేనిచో వాకిట నిలిచినవాఁ డేమి చేయఁగలఁడు?

ఆ నూనె విషయమున ఎలమంచిలికి విశేషమైన సంబంధము కలదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన ఇచ్చటి పరిశోధనస్థానము నువ్వుల పంటపైఁ గృషి చేసి వరాహ, గౌతమ, శారద యను వంగడములను వెలువరించినది. వరాహ యనునది చేరువనున్న ఏటికొప్పాక యొద్దఁ బ్రవహించు నది పేరు. నువ్వులనూనెలో సెసమిను, సెసమోలిను అను ద్రవ్యములును, వానినుండి పుట్టు సెసమోలును గలవు. అవి నూనె పాతఁబడి వాసన చెడుటను ఆలస్యపఱచును. ఏఁడాదిపాటు నిలువవలసిన పదార్థమునకు మనవారు నువ్వులనూనెను గోరుట రుచికొఱకు మాత్రమే కాదు. ఇట్లే బెల్లపు టావకాయలో, అనకాపల్లి బెల్లమువంటి తీపి ద్రవ్యము ఉప్పువలెనే నీటిని బంధించి కాయను గాపాడును.

నేఁడు లోకమంతటను ఓషధిసారములచే నాహారమును నిలుపు ప్రయత్నములు సాగుచున్నవి. ఐరోపాలో 2010లో రోజ్‌మేరీ యాకుల సారమును నూనెలు చెడకుండ వాడుటకు అనుమతించిరి. జపానులో ఆవఘాటు ద్రవ్యమునే ఆహారపు పెట్టెలలో నుంచు పొరలకుఁ బట్టించుచున్నారు. ఇవి సంతోషింపఁదగినవే. కాని వీనిని విని, సుగంధద్రవ్యము లున్నవి గదా, ఉప్పుతోఁ బనియేమి యను భ్రమ పెరుఁగుచున్నది. మా యింటనే యొకయేఁడు రక్తపుపోటునకు జడిసి, ఉప్పు సగము చేసి, కారము హెచ్చించితిమి. ఆషాఢమునాఁటికే జాడీపైఁ దెల్లని బూజు కట్టినది. కారమునకును సూక్ష్మజీవుల నణఁచు శక్తి కొంత గలదు. కాని యది ఉప్పునకు బదులు కాఁజాలదు. పాణిని పరిభాషలోఁ జెప్పవలెనన్న, మేము సంస్కారకమును దగ్గించి సంసృష్టమును బెంచితిమి. ఉప్పు మానఁదలఁచినవారు ఊరుఁగాయను మితముగాఁ దినవలెను; లేదా కొలఁదిగాఁ బెట్టి, శీతలపేటికలో నుంచి, త్వరలో ముగింపవలెను. ఏఁడాది జాడీకిఁ బాలు తప్పించుట మాత్రము తగదు.

పండితులకు విన్నప మొక్కటి. వరుగు నేఁటికిని కొన్ని యిండ్లలో వినఁబడుచున్నది. వడపిందె నిఘంటువునకే పరిమితమగుచున్నది. వాసెన యనఁగా నేమని పట్టణపు బాలురు ప్రశ్నించుచున్నారు. పాఠశాలలో 'ఆవకాయ' సమాసమునకు విగ్రహము చెప్పించునపుడు, ఆవను వేయింపక యేల యెండింతురో యింటి పెద్దలనడిగి రమ్మని విద్యార్థులను బంపుదురు గాక. వారు తెచ్చు సమాధానములను, అందలి మాటలను వ్రాసియుంచిన యెడల, ఊరుఁగాయతోఁబాటు దాని భాషయు నిలువయుండును.