చూరు చేసిన పని, రంగు చేయలేని పని

కోనసీమ పాత ఇళ్లలో గోడలు మట్టివైనా సున్నపువైనా, ఇంటిని మోసేది టేకే. మండువా చుట్టూ స్తంభాలు, వాటి మీద దూలాలు, ఆపైన వాసాలూ పెంకూ. అంత కలప డెల్టాలో పెరగదు. పాపికొండల అవతల, భద్రాచలం అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి గోదారి మీద రాజమండ్రికి దింపేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువల వెంట మాగాణి, మాగాణి వెంట డబ్బూ వచ్చాయి. రాజమండ్రిలో కొన్న టేకు అవే కాలువల్లో పడవలెక్కి ఊళ్లు చేరింది.

ఆ కలపను కాపాడే పని సగానికి పైగా ఇల్లు కట్టేనాడే అయిపోయేది. ముందు చేవ ఉన్న దుంగ ఏరుకునేవారు. టేకు చేవలో ఉండే నూనెలు చెదకు గిట్టవు. పైనున్న తెల్లచెక్కకు ఆ బలం లేదు. స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలిపితే కింది తడి పైకి పాకదు. చూరును బాగా కిందికి దించితే జల్లు లోపలికి కొట్టదు. తడి తప్పనిది గడపకే. దానికి శుక్రవారం కడగడమూ పసుపూ ఉండేవి. పసుపు చెదను ఆపుతుందని నేను అనను గానీ, వారం వారం గడప దగ్గర కూర్చుని తుడిచే ఇల్లాలికంటే ముందు చెదపుట్ట మట్టిగీత ఎవరి కంటబడుతుంది?

పూతలు లేకపోలేదు. పడవలకు పట్టించే జీడిపిక్కల నూనె ఇంటి కలపకూ పనికొచ్చేది, చేతికి తగిలితే బొబ్బలెక్కినా సరే. గోడలో కూరుకుపోయే ద్వారబంధం వీపుకు తారు పూసేవారు. వీధి తలుపుకు అవిసె నూనె, తర్వాత వార్నీషు.

ఎనామిల్ డబ్బాలు రావడం, పెంకు తీసి డాబా వేయడం దాదాపు కలిసే జరిగాయి. చూరు పోయింది. ఎండావానా నేరుగా కిటికీ రెక్కల మీద పడుతుంటే, చూరు చేసిన పనంతా రంగు మీద పెట్టాం. రంగుపొర చిన్నగా చిట్లితే చాలు, నీరు లోపలికి దూరి బయటికి రాలేక అక్కడే నిలుస్తుంది. పైకి నిగనిగలాడే చట్రాన్ని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోవడం ఆ ఇళ్లలో మామూలే. చెదకు ఆల్డ్రిన్ కొట్టిన రోజులూ ఉన్నాయి. ఆ విషాన్ని దేశంలో 1996లో నిషేధించారు.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా నానిన కలపకు చేయాల్సింది తక్కువే, అదీ వెంటనే: ఒండ్రు ఎండకముందే కడిగేయాలి, తలుపులన్నీ తీసి గాలికి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగులుతుంది. పూర్తిగా ఆరకముందే రంగేస్తే పుచ్చుతుంది.

మామూలు రోజుల్లోనూ కడిగే తీరు ముఖ్యమే. సియాటిల్ వైపు స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో కొన్నింటికి బయటి గోడలే ఎర్ర దేవదారు పలకలు. వాటిని మెత్తని బ్రష్షుతో, తక్కువ ఒత్తిడి నీటితో, నార వెంట కడగాలన్నది అక్కడి మాట. ఇక్కడ పాత లోగిళ్లను అతిథి గృహాలుగా మార్చేవారు కొందరు కారు కడిగే పంపుతో స్తంభాల మీద కొడుతున్నారు. దాంతో మెత్తని నార లేచి చెక్క గరుకెక్కుతుంది, తర్వాత బూజు అక్కడే పడుతుంది. అంతకంటే ప్రమాదం పాత రంగు గీకడంలో ఉంది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షలకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పాత పొరల్ని పొడిగా గీకకుండా తడిపి గీకాలి, ముక్కుకు మామూలు గుడ్డ కాక మంచి మాస్కు కట్టాలి, పిల్లల్ని ఆ పక్కకు రానివ్వకూడదు. తర్వాత అవిసె నూనె పట్టిస్తే, ఆ తుడిచిన గుడ్డల్ని మూల కుప్పగా పడేయకుండా బయట విడివిడిగా ఆరేయాలి. కుప్పలో వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి.