పై దవడ ఆపరేషను - మన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి

ఉస్మాన్‌గంజ్‌లో సరుకులు కొని అఫ్జల్‌గంజ్ మీదుగా ఇంటికి వెళ్ళని వారు మనలో అరుదు. ఆ అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రికి వైద్య చరిత్రలో స్థానమున్నది.

1827లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జెన్సూల్ అనే సర్జను గడ్డ పట్టిన పై దవడను తొలగించాడు. అప్పటికి మత్తుమందు లేదు. రోగి తట్టుకోలేడు గనుక త్వరగా ముగించడమే నేర్పు. 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చింది. కాని కొందరు ఆ మత్తులోనే మరణించేవారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫారంతో ఆపరేషన్లు చేసిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం ధనసహాయంతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు నడిపి కారణం వెదికారు. శ్వాసను కనిపెట్టి ఉండాలని అవి తేల్చాయి. గుండెకూ ముప్పేనని తరువాత రుజువైంది.

మత్తుమందు సర్జనుకు వ్యవధినిచ్చింది. నేడు స్కానింగులో గడ్డ హద్దులు చూసి, చుట్టూ కొంత మంచి కండతో సహా తీస్తారు. తీసిన ముక్క అంచులను మైక్రోస్కోపులో పరీక్షిస్తారు. అంచున క్యాన్సరు కణాలు లేకుంటేనే తృప్తి. అంగిట్లోని ఖాళీని కట్టుడు పలకతో మూస్తే భోజనం, మాట మళ్ళీ సాధ్యమే.

గడ్డ కంటి వైపు, పుర్రె అడుగుకు పాకితే శుభ్రమైన అంచు దొరకడం కష్టం. కనుక అంగిట్లో మానని పుండు, కారణం లేకుండా కదిలే పళ్ళు, ఒకే ముక్కురంధ్రం నుండి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. నాంపల్లికి దగ్గరగా రెడ్‌హిల్స్‌లోనే ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.