గుంత నుంచి స్తంభాల దాకా



మన సరిహద్దు ఊళ్లలో ఇంటి ముందర కారు నిలబడి ఉండడం ఇప్పుడు వింతేమీ కాదు. హోసూరులో గానీ, బళ్లారిలో గానీ, బరంపురంలో గానీ ఇల్లు కట్టుకునేవాళ్లు కారుకొక షెడ్డు కూడా వేసుకుంటున్నారు. పాత బండ్ల మీద మోజున్నవాళ్లూ, ఇంటి దగ్గరే చిన్నగా మెకానిక్ పని పెట్టుకున్న కుర్రవాళ్లూ ఆ షెడ్డులో రెండు స్తంభాల లిఫ్టు పెట్టించుకోవచ్చునా, పెట్టిస్తే ఎలాంటిది మేలు అని అడుగుతున్నారు. అమ్మేవాళ్లు ఇచ్చే కాగితంలో ఎన్ని టన్నులు లేపుతుందో, ధర ఎంతో ఉంటుంది. ఆ యంత్రం ఆ ఆకారంలోనే ఎందుకు తయారైందో అందులో ఉండదు. అది తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్టే. అందుకని ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం. ఎంపిక సంగతి ఆ వరుసలోనే వస్తుంది.

బండి కింద పని చేయాలంటే ఉన్నవి రెండే దారులు. మనిషి కిందికి దిగాలి, లేదా బండి పైకి లేవాలి. ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టేటప్పుడు మన పెద్దవాళ్లు బండిని ఒక పక్కకు ఎత్తి కింద మొద్దు పెట్టేవాళ్లు. అంతకంటే పని ఉండేది కాదు. మోటారు బండి వచ్చాక గేరు పెట్టె, ఆయిలు తొట్టి, బ్రేకు తీగలు, సైలెన్సరు, అన్నీ కడుపు కిందికి చేరాయి. అప్పుడు పుట్టింది గుంత. లారీ షెడ్లలోనూ, బస్సు డిపోలలోనూ మీరు చూసే ఉంటారు. మనిషి నిలబడేంత లోతు, బండి చక్రాల మధ్య ఇమిడేంత వెడల్పు, చుట్టూ రాతి కట్టడమో సిమెంటు గోడో.

గుంతను తక్కువగా చూడకూడదు. అది విరగదు, జారదు, కరెంటు అడగదు. బండి బరువంతా నేల మీదే ఉంటుంది. కాకపోతే బండి తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి చక్రం విప్పే పని అక్కడ కుదరదు. వానాకాలంలో నీళ్లు చేరతాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోకుండా గుంతలోకి దిగి అడుగున పేరుకుంటుంది. ఒక బల్బు పగిలినా, ఒక స్విచ్చి మెరిసినా చాలు. ఎల్పీజీతో నడిచే కార్లకూ ఇదే ముప్పు, ఆ గ్యాసు కూడా కిందికే దిగుతుంది. అందుకని ఇంట్లో గుంత తవ్వించాలనుకునేవాళ్లు, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లవాళ్లు, బాగా ఆలోచించుకోవాలి. ఇక జాకీ సంగతి ప్రతి మెకానిక్కుకూ తెలిసిందే. అది ఎత్తడానికే గానీ, ఎత్తినదాన్ని నిలపడానికి పనికిరాదు. కింద స్టాండ్లు పెట్టకుండా జాకీని నమ్మి దూరినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

బండినే పైకి లేపాలన్న ఆలోచనకు ఆధారం పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో పాస్కల్ చెప్పిన సూత్రం. హైస్కూలు పిల్లలకు దీన్ని చెప్పేటప్పుడు మేము లిఫ్టునే ఉదాహరణగా తీసుకుంటాం. రెండు గొట్టాలున్నాయి, ఒకదానితో ఒకటి కలిపి నూనె నింపారు. చిన్నదాని వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, పెద్దదానిది వంద. చిన్నదాని మీద పది కిలోల బరువు పెడితే పెద్దదాని మీద వెయ్యి కిలోలు లేస్తాయి. ఊరికే లేవవు లెండి. పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది వంద సెంటీమీటర్లు దిగాలి. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రంతో ప్రెస్సు యంత్రం చేశాడు. కార్ల దాకా రావడానికి ఇంకో నూట ముప్పై ఏళ్లు పట్టింది. అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో పీటర్ లునాటి అనే ఆయన 1925లో నేలలో పాతిన ఒకే స్తంభం మీద కారును లేపే యంత్రం తయారు చేశాడు. మంగలి షాపులో కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకు ఆ ఊహ వచ్చిందని చెబుతారు. లేపిన కారును గుండ్రంగా తిప్పడానికి కూడా వీలుండేది. ఆయన కంపెనీకి రోటరీ అన్న పేరు అందుకే నప్పింది.

మన దేశంలో ఈ ఒంటి స్తంభం లిఫ్టును ఎక్కువగా వాటర్ సర్వీసు చేసే చోట చూశాం. కంప్రెసరు గాలి నూనెను నొక్కితే, బుస్సుమంటూ అంబాసిడర్ కారు మెల్లగా పైకి లేచేది. పిల్లలు రోడ్డు మీద నిలబడి చూసేవాళ్లు. దానికి రెండు లోపాలు. సరిగ్గా మనకు పని ఉండే నడిమి భాగంలోనే స్తంభం అడ్డంగా ఉంటుంది. రెండోది, సిలిండరు నిలువెత్తున భూమిలో ఉంటుంది. అది తుప్పు పట్టి కారడం మొదలైతే నూనె మట్టిలోకి, మట్టి నుంచి బావుల్లోకి పోతుంది. ఎవరి కంటికీ కనబడదు. అమెరికాలో 1970ల తరవాత నేల, నీటి కాలుష్యం మీద చట్టాలు బిగిసిన కొద్దీ, పాతిన లిఫ్టుల చోటును నేల మీద నిలిపే లిఫ్టులు ఆక్రమించాయి. వాటిలో ఎక్కువగా అల్లుకుపోయింది రెండు స్తంభాలది.

ఒక స్తంభాన్ని రెండుగా విడదీసి చెరో పక్కన నిలిపారు. ఒక్కొక్క స్తంభానికి రెండు చేతులు. ఆ నాలుగు చేతుల చివరి రబ్బరు దిమ్మల మీద కారు కూర్చుంటుంది. చక్రాలు గాలిలో వేలాడతాయి, కడుపంతా ఖాళీగా కనబడుతుంది. ఒక రకంలో స్తంభం లోపల పొడుగాటి మరచుట్టు స్క్రూ ఉంటుంది, దాని మీద నట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇంకో రకంలో నూనె సిలిండర్లు, చైన్లు ఉంటాయి. స్క్రూ రకంలో నట్టు అరుగుతుంది. నూనె రకంలో చైన్లు, తీగలు, గొట్టాలు కనిపెట్టి చూసుకోవాలి.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. గుంతలో బరువు నేలది. పాతిన స్తంభంలో స్తంభాన్ని చుట్టూ ఉన్న భూమి పట్టుకుంటుంది. రెండు స్తంభాల లిఫ్టులో మాత్రం స్తంభం గచ్చు మీద కూర్చుని ఉంటుంది, అంతే. చేయి చాచి నీళ్లబిందె పట్టుకున్న మనిషి ముందుకు తూలినట్టు, ఆ బరువుకు స్తంభం కారు వైపుకు ఒరగాలని చూస్తుంది. ఒరగకుండా ఆపేవి కారుకు అవతలి వైపున గచ్చులో దిగిన బోల్టులు. ఆ బోల్టులను పట్టుకున్నది మీ గచ్చు. అంటే దుకాణంలో మీరు కొనేది యంత్రంలో సగమే. మిగతా సగం మీ ఇంటి నేల.

నేల మాట వచ్చింది కాబట్టి, తమిళనాట స్థిరపడిన మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. విజయనగర కాలంలోనూ, ఆ తరవాతా తమిళ దేశానికి వెళ్లిన కమ్మవారు చాలామంది నల్లరేగడి నేలలు చూసుకుని దిగారు. పత్తి పండింది. కోయంబత్తూరులో మిల్లులు లేచాయి. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక ఆ మిల్లులు, మోటార్లు మరింత పెరిగాయి. ఆ పక్క కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అది పెద్ద బస్సు సంస్థగా పెరిగింది. దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా చెప్పుకునేది 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి చేసిందే. బస్సులు నడిపితే షెడ్లు కావాలి, షెడ్లుంటే పనిముట్లు కావాలి. ఆ ఊళ్లోనే 1960లో నాయుళ్ల కుటుంబం ఒకటి ఎల్గి ఈక్విప్‌మెంట్స్ స్థాపించింది. కంప్రెసర్లకు పేరుపడిన సంస్థ అది. దాని అనుబంధ సంస్థ ఏటీఎస్ ఎల్గి రెండు స్తంభాల లిఫ్టులు కూడా చేస్తుంది. ఇది కొనుగోలు సిఫారసు కాదు సుమండీ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనుషుల చేతుల్లో ఈ పరిశ్రమ ఎలా పెరిగిందో చెప్పడానికే ఆ పేరు తీసుకున్నాను.

మన పెద్దలకు అన్నం పెట్టిన ఆ రేగడి నేలే ఇవాళ లిఫ్టుకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కోవిల్‌పట్టి నుంచి బళ్లారి దాకా రేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు గచ్చు పగుళ్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. పగిలిన గచ్చులో బోల్టు నిలవదు. తయారీదారులు సాధారణంగా కనీసం నాలుగు అంగుళాల మందం, మంచి బలం గల కాంక్రీటు అడుగుతారు. బరువైన లిఫ్టులకు ఆరు అంగుళాలు, అంతకు మించీ అడుగుతారు. మన మేస్త్రీల లెక్కలో అది ఎమ్25 రకం. ఇళ్లలో టైల్సు కింద వేసే ఇటుక ముక్కల బెడ్డు, రెండు మూడు అంగుళాల సిమెంటు దీనికి పనికిరావు. టైల్సు మీద బోల్టు వేయనే కూడదు. రేగడి అయితే ఆ మట్టిని లోతుగా తీసి, మొరం వేసి దిమ్మిసా కొట్టించి, దాని మీద కమ్ములు కట్టిన కాంక్రీటు దిమ్మ విడిగా పోయించాలి. ఎంత లోతో మీ నేల చూసిన ఇంజనీరు చెప్పాలి. పోసిన తరవాత ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. అంతదాకా బోల్టు రంధ్రం వేయకూడదు. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోకుండా లిఫ్టు ధర ఒక్కటే చూసుకుని దిగినవాళ్లు, చివరికి ఆదా చేసేది ఈ నేల దగ్గరే. ఆదా చేయకూడని చోటు అది.

నేల తరవాత కప్పు. పెద్ద బండి ఎత్తు సుమారు ఆరడుగులు. దాని కింద మనిషి నిలబడాలంటే ఇంకో ఆరడుగులు. మొత్తం పన్నెండు. మన ఇళ్లలో స్లాబు పదడుగులకే ఉంటుంది. చిన్న కారైతే అయిదడుగులు పోను, కింద అయిదడుగులు మిగులుతాయి. స్టూలు మీద కూర్చుని పని చేసుకోవాలి. తీగలు, గొట్టాలు తలపైన అడ్డకమ్మీ మీదుగా పోయే లిఫ్టుకు దాదాపు పన్నెండడుగులు కావాలి. అవే నేల మీద పలక కింద పోయే రకం తొమ్మిది, తొమ్మిదిన్నర అడుగుల్లో సరిపోతుంది. కాకపోతే గేరు పెట్టె ట్రాలీ తోసేటప్పుడు ఆ పలక కాలికి అడ్డం వస్తుంది. వెడల్పు స్తంభాల బయటి అంచుల దాకా సుమారు పదకొండడుగులు, మనిషి నడవడానికి చోటు వేరే. పదడుగుల షెడ్డులో ఇరికించే ప్రయత్నం చేయవద్దు.

ఇక చేతుల సంగతి. ఒక రకంలో నాలుగు చేతులూ ఒకే పొడుగు, స్తంభాలు ఎదురెదురుగా చూస్తుంటాయి. బరువైన బండ్లకు, పొడుగు వ్యానులకు అది నయం. రెండో రకంలో స్తంభాలు కాస్త తిరిగి ఉంటాయి. ముందు చేతులు పొట్టి, వెనక చేతులు పొడుగు. కారు కొంచెం వెనక్కు నిలుస్తుంది కాబట్టి తలుపు స్తంభానికి తగలకుండా తెరుచుకుంటుంది. ఇంజను ముందున్న మన చిన్న కార్లకు ఇది బాగా కుదురుతుంది. ఏ రకమైనా ఒక లెక్క చూసుకోవాలి. నాలుగు టన్నుల లిఫ్టు అంటే ఒక్కో చేతికి ఒక టన్నే. పదహారు వందల కిలోల కారులో నూటికి అరవై పాళ్లు ముందుంటే, ముందు చేతులు రెండూ కలిసి 960 కిలోలు మోస్తాయి, ఒక్కొక్కటి 480. ఇది హాయిగా సరిపోతుంది. అదే కారుకు ఇంజను దించేశారనుకోండి, బరువు ఒక్కసారిగా వెనక్కు పోతుంది, వెనక భాగం కిందికి వంగిపోతుంది. అందుకే ఇంజను దించే ముందే వెనక పక్క స్టాండు పెట్టాలి.

1983లో వచ్చిన మారుతి 800 బరువు దాదాపు ఆరున్నర వందల కిలోలు. ఇవాళ ఇళ్ల ముందు నిలిచే పెద్ద బండ్లు రెండు టన్నులు దాటుతున్నాయి. విద్యుత్ కార్లలో బ్యాటరీ కడుపు కిందే పరుచుకుని ఉంటుంది. దిమ్మ ఆ బ్యాటరీ పెట్టెకు తగిలితే ప్రమాదం. కారు పుస్తకంలో చూపించిన చోటనే పెట్టాలి. ఆ బ్యాటరీ కిందికి దించడానికి మాత్రం నడిమి ఖాళీగా ఉన్న రెండు స్తంభాలే అనుకూలం. పాత లోపాన్ని సవరించడానికి వచ్చిన ఆకారం కొత్త బండికి కూడా అక్కరకొచ్చిందన్నమాట.

కరెంటు విషయం తొందరగా ముగిస్తాను. వర్క్‌షాపుల లిఫ్టులు ఎక్కువగా త్రీ ఫేజు మోటార్లతో వస్తాయి. ఇంటికి సింగిల్ ఫేజే ఉంటే ఆ మోటారున్నదే అడగండి. కరెంటు పోయినప్పుడు కారును చేత్తో మెల్లగా దించే ఏర్పాటు ఉందో లేదో కొనేముందే చేసి చూపించమనండి.

సర్వీసు సెంటర్లు మార్చేసిన పాత లిఫ్టులు చవకగా దొరుకుతాయి. చవక అని చూడకుండా అరిగిన నట్టు, సాగిన చైను, వెల్డింగు అతుకులు చూడండి. అమెరికాలో లిఫ్టు తయారీదారుల సంస్థ 1945లోనే ఏర్పడింది, దాని పరీక్ష పాసైన లిఫ్టులకు ముద్ర ఉంటుంది. యూరపులో ఈఎన్ 1493 అనే ప్రమాణం ఉంది. అతికించిన స్టిక్కరును మాత్రమే నమ్మవద్దు, ఆ మోడలు పేరుతో సర్టిఫికెట్టు చూపించమనండి.

అన్నిటిలోకీ చిన్న భాగం, ప్రాణం నిలిపే భాగం, స్తంభంలోని లాకులు. లేస్తున్నప్పుడు టక్, టక్ మని వినబడేది అదే. పని ఎత్తుకు చేరాక కారును కొద్దిగా దించి, రెండు పక్కలా ఆ లాకుల మీద కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు నూనె మీద ఉండదు, ఇనుము మీద ఉంటుంది. గొట్టం పగిలినా కారు దిగదు. రెండు వైపులా ఒకేసారి పడ్డాయో లేదో చెవితో విని, కంటితో చూసి, ఆ తరవాతే కిందికి వెళ్లాలి. మొదటిసారి లేపేటప్పుడు చక్రాలు నేల వదిలిన వెంటనే ఆపి, కారును చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. కదిలిందా, దించి దిమ్మలు సర్దండి. మొదటి నెల అయ్యాక ఒకసారి, ఆపైన తయారీదారు చెప్పిన గడువు ప్రకారం, బోల్టుల బిగువు పానాతో చూసుకోవాలి. ఏ బోల్టయినా ప్రతిసారీ వదులవుతూ ఉంటే దాన్ని మళ్లీ మళ్లీ బిగించి సరిపెట్టుకోకండి. కింద గచ్చు లోపల పగిలి ఉంటుంది. లిఫ్టు ఆపేసి, నేల తవ్వి చూడవలసిందే.