సిగ్నల్ తెగితే చదువు తెగినట్టే: కోనసీమ, 2022

ఆన్‌లైన్ చదువు చరిత్రలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాలేజీలు మూతపడి, డిగ్రీ, పీజీ పాఠాలు జూమ్, గూగుల్ మీట్‌లోకి మారాయి. అప్పటికి కోనసీమ, రంపచోడవరం ఏజెన్సీ రెండూ తూర్పు గోదావరి జిల్లావే. ఒకే జిల్లా అయినా మన పిల్లలు మాత్రం సిగ్నల్ కోసం గుట్టలెక్కారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కోనసీమకు అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది, జూన్ దాకా పూర్తిగా రాలేదు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ పక్క ఊళ్లకు పోయారు. నెట్ మీదే నడిచే చదువుకీ తలుపులు మూసినట్టే కదా.

ఇంటర్నెట్ విద్యాహక్కులో భాగమని 2019లోనే కేరళ హైకోర్టు చెప్పింది. నెట్ ఆపే ఉత్తర్వులు బయటపెట్టాలని, నిరవధికంగా ఆపకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

కోనసీమలో ఉత్తర్వు ఇచ్చి ఆపారు, కొన్నాళ్లకు ఎత్తేశారు. మన కొండల్లో ఏ ఉత్తర్వూ లేకుండానే నెట్ లేదు. మరి మనం దేన్ని ఎత్తేయమని అడగాలి? అందుకే గ్రామసభ తీర్మానంలో టవర్ అడిగేటప్పుడు, పక్కనే 'చదువు హక్కు' అని కూడా రాయిద్దాం.